సంతకం పెడితే సగం ఇస్తామంటున్నారు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. పాప పుట్టాక ఉద్యోగం మానేసి ఇంటి నుంచే ఫ్రీలాన్స్ రైటర్‌గా పనిచేస్తున్నాను. హైదరాబాద్‌లోని ఒక కంటెంట్ కంపెనీకి వంటలు, ఆరోగ్యం మీద వ్యాసాలు రాశాను, వ్యాసానికి ₹600. వాళ్ళ వెబ్‌సైట్‌లో వేయడానికి పిల్లల కథలు పది రాశాను, కథకు ₹1,500. అంతా వాట్సాప్‌లో అనుకున్నదే, అగ్రిమెంటు లేదు. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు రాసిన 96 వ్యాసాలకూ, ఆ కథలకూ కలిపి ₹72,600 రావాలి. అడిగితే మొదట "క్లయింటు దగ్గర్నుంచి పేమెంటు రాలేదు" అన్నారు. గట్టిగా అడిగితే "మీరు మా ఉద్యోగి కాదు కదా" అన్నారు. పైగా కథల్ని వేరే ఎవరి పేరుతోనో ఆడియో చేసి ఒక యాప్‌లో పెట్టారు. ఇప్పుడు ఒక కాగితం పంపి, సంతకం పెడితే ₹35,000 ఇస్తామంటున్నారు. మావారు "వచ్చిందే చాలు, తీసేసుకో" అంటున్నారు. పోలీసు కంప్లైంటు ఇవ్వనా? ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. మీరు ఫోటో తీసి పంపిన రెండు పేజీల్లో డబ్బు గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. మిగతాదంతా హక్కుల గురించే. మూడో పేరాలో మీ రచనల మీద సర్వహక్కులూ, అన్ని మాధ్యమాల్లో, ప్రపంచమంతటా, శాశ్వతంగా కంపెనీకి బదిలీ అవుతాయని ఉంది. ఆఖరి పేరాలో ఇదే తుది చెల్లింపు, ఇకపై మీకు రావలసిన బాకీ ఏదీ లేదని ఉంది. తేదీ దగ్గర 2024 ఆగస్టు 1 అని టైపు చేశారు. సెప్టెంబరు నుంచి రాయబోయే వ్యాసాలకు ఆగస్టులోనే తుది చెల్లింపు ఎలా జరిగిపోయిందో వాళ్ళే చెప్పాలి!

ఈ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 63 ప్రకారం, రావలసినదానికంటే తక్కువ తీసుకుని బాకీ తీరిందని మీరే ఒప్పుకుంటే మిగతా సొమ్ము అడిగే దారి మూసుకుపోతుంది. దానికంటే పెద్ద నష్టం మూడో పేరాతో జరుగుతుంది.

మీరు ఉద్యోగి కాదని వాళ్ళన్న మాట నిజమే. అందుకే మీరు లేబర్ ఆఫీసుకు వెళ్ళి జీతం బాకీ అని ఫిర్యాదు చేస్తే పని జరగదు. కానీ ఆ మాటే వాళ్ళ మెడకు చుట్టుకుంటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 17 చూడండి. ఉద్యోగంలో భాగంగా రాసినదైతే, వేరే ఒప్పందం లేనంతవరకు, హక్కు యజమానిది. ఉద్యోగి కాని మనిషి రాసిస్తే హక్కు రాసినవాళ్ళదే. డబ్బిచ్చి రాయించుకున్నాం కాబట్టి మాదే అనడం చెల్లదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, గీయించుకున్న చిత్రపటానికి ఆ నియమం ఉంది, కథకూ వ్యాసానికీ లేదు. హక్కు చేతులు మారాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకంగా మీ సంతకం ఉండాలి. ఏ రచన, ఏ హక్కు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి, ఎంత ప్రతిఫలానికి అన్నది అందులో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్ళే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. మీ దగ్గర అలాంటి కాగితం తీసుకోలేదని వాళ్ళ లాయరు ఇప్పుడు గుర్తుచేసి ఉంటాడు. ₹35,000 దేనికో ఇప్పుడు అర్థమైంది కదా. అది మీ బాకీలో సగం కాదు, పది కథల్ని శాశ్వతంగా కొనేసే ధర.

అయితే వ్యాసాలనూ కథలనూ ఒకే గాటన కట్టకండి. వంటల వ్యాసాలు వాళ్ళ వెబ్‌సైట్ కోసమని తెలిసే రాశారు, పేరు లేకుండా వేస్తున్నా అభ్యంతరం చెప్పలేదు. వేసుకోవడానికి మీ అనుమతి ఉన్నట్టే అని వాళ్ళు వాదిస్తారు, కోర్టు ఆ వాదన వినే అవకాశం ఉంది. కాబట్టి వ్యాసాల విషయంలో డబ్బు వసూలు మీదే దృష్టి పెట్టండి. కథల సంగతి వేరు. అవి చదువుకోవడానికి ఇచ్చారు, ఆడియోకు ఇవ్వలేదు. ధ్వనిముద్రణ చేసే హక్కు సెక్షన్ 14లో విడిగా ఉంది. ఇక వేరే పేరు పెట్టడమంటారా, సెక్షన్ 57 ప్రకారం ఇది నా రచన అని చెప్పుకునే హక్కు కాపీరైట్ అమ్మేసినా రచయిత దగ్గరే ఉంటుంది. అది అమ్ముడుపోయే సరుకు కాదు.

ఇక్కడ మీరు వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. ఆ యాప్ నడిపేవాళ్ళకు సెక్షన్ 52(1)(సి), 2013 కాపీరైట్ నిబంధనల్లోని 75వ నిబంధన కింద రాతపూర్వక ఫిర్యాదు పంపండి. ప్రతి కథ పేరు, దాని లింకు, అది మీదేనని చూపే ఆధారం జతచేయండి. ఫిర్యాదు సరిగా ఉంటే వాళ్ళు 36 గంటల్లో ఆ ఆడియోలను ఆపాలి. 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తేలేకపోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. కానీ ఆ 21 రోజులే మాటలు జరగడానికి సరైన సమయం. కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేదే అని కంగారుపడకండి, రాసిన క్షణమే హక్కు పుడుతుంది. రుజువుగా పనికొస్తుంది కాబట్టి తీరిగ్గా చేయించుకోండి, సాహిత్య రచనకు రుసుము ₹500.

ఇప్పుడు డబ్బు సంగతి. అగ్రిమెంటు లేదంటే ఒప్పందం లేదని కాదు. "రేపటికి మూడు ఆర్టికల్స్ కావాలి, రేటు అదే" అని వాళ్ళు పెట్టిన మెసేజీ, "ఓకే సార్" అన్న మీ జవాబు, మర్నాడు మీరు పంపిన ఫైలు, ఈ మూడూ కలిస్తే అదే ఒప్పందం. ఫోన్ మెసేజీల్లో కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం సెక్షన్ 10ఏ చెబుతోంది. క్లయింటు ఇవ్వలేదన్నది వాళ్ళ తలనొప్పి. క్లయింటు ఇచ్చాకే మీకిస్తామని ముందే షరతు పెట్టి ఉంటే తప్ప దాంతో మీకు సంబంధం లేదు.

రుజువుల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి కోర్టులో ఇస్తే సరిపోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అందులో రెండు భాగాలుంటాయి, ఒకటి మీరు, రెండోది నిపుణుడు నింపాలి. ఆ చాట్ ఉన్న ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి, పాప చేతికీ ఇవ్వకండి. మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కే పంపుకోండి. కథలు గూగుల్ డాక్స్‌లో రాశానన్నారు కాబట్టి వాటి వెర్షన్ హిస్టరీ చెరిపేయకండి. ఏ రోజు ఏ వాక్యం మార్చారో అందులో ఉంటుంది, వేరే పేరు పెట్టినవాళ్ళ దగ్గర అలాంటిది ఉండదు.

ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో మీ ఫారం 26ఏఎస్ కూడా తీయండి, మీ పేరున కోసిన పన్ను వివరాలు అందులో ఉంటాయి. టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసే పన్ను) డబ్బు ఇచ్చినప్పుడే కాదు, ఇవ్వవలసిందిగా ఖాతాలో రాసుకున్నప్పుడూ కోయాలి, ఏది ముందైతే అది. మీ చేతికి రాని నెలలకు కూడా అందులో మీ పేరున టీడీఎస్ కనబడితే, ఆ సొమ్ము మీకు ఇవ్వాలని వాళ్ళే లెక్కల్లో రాసుకున్నట్టు. బాకీ కోసం దావా వేసే గడువు పెంచడానికి అదొక్కటే చాలదు కానీ, ఆమెవరో మాకు తెలియదని వాళ్ళు అనలేరు.

గడువు అన్నాను కదా, చెల్లింపు తేదీ అనుకోకుండా చేసిన పనికి మూడేళ్ళు, పని పూర్తయిన రోజు నుంచి. 2024 సెప్టెంబరులో ఇచ్చినవాటికి 2027 సెప్టెంబరుతో తీరిపోతుంది. వచ్చే నెల చూద్దాం అనే మెసేజీల్ని నమ్ముకుని కూర్చోకండి.

ముందు లాయరు నోటీసు పంపించండి. వ్యాసాల జాబితా తేదీలతో, మొత్తం ₹72,600, కథల మీద హక్కు మీరు ఎవరికీ ఇవ్వలేదన్న మాట, పదిహేను రోజుల గడువు ఉండాలి. నోటీసు అందిన రోజు నుంచి వడ్డీ కోరుతున్నామని ఒక వాక్యం తప్పకుండా రాయించండి. ముందుగా వడ్డీ మాట అనుకోకపోయినా 1978 వడ్డీ చట్టం కింద కోర్టు అప్పటి నుంచి ఇప్పించవచ్చు. నోటీసుకు దిగిరాకపోతే దావాకు హైదరాబాద్ వెళ్ళనక్కర్లేదు. మీరు పనిచేసిందీ, డబ్బు అందవలసిందీ రాజమహేంద్రవరంలోనే కాబట్టి అక్కడి సివిల్ కోర్టులోనే వేయవచ్చు. కాపీరైట్ ఉల్లంఘన దావా అయితే మీరు నివసించే చోటి జిల్లా కోర్టులో వేసుకునే సౌకర్యం సెక్షన్ 62 నేరుగా ఇచ్చింది.

ఖర్చు గురించి భయపడుతున్నట్టున్నారు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మీ ఊళ్ళో జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పెట్టించుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. కంపెనీ వచ్చి రాజీకి ఒప్పుకుంటేనే పని జరుగుతుంది, కానీ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. యాప్‌లో ఆడియోలు ఆగి ఉన్నప్పుడు పిలిస్తే రావడానికి వాళ్ళకూ కారణం ఉంటుంది.

పోలీసు కంప్లైంటు ఇవ్వనా అని కూడా అడిగారు. డబ్బు ఎగ్గొట్టడం వేరు, మొదటి నుంచే మోసం చేయాలనుకోవడం వేరు. మీకు అంతకుముందు నెలల డబ్బు సక్రమంగానే ఇచ్చారు కాబట్టి స్టేషన్లో "సివిల్ మేటరమ్మా" అని పంపేస్తారు, ఈసారి వాళ్ళ మాట తప్పేం కాదు.

ఇకముందు పనులకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) చేయించుకోండి. ఆధార్‌తో ఆన్‌లైన్లో అయిపోతుంది, రుసుము లేదు. డబ్బు అడిగేవాళ్ళు ఏజెంట్లు. రిజిస్టరైన సూక్ష్మ సంస్థకు, ఒప్పందంలో గడువు రాసుకున్నా సరే, 45 రోజుల్లోపు చెల్లించాలి. గడువే అనుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఇలాంటి బాకీల తగాదాలు చూసే మీ రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే ఫిర్యాదు చేయవచ్చు, కొనుగోలుదారు దేశంలో ఎక్కడున్నా సరే. పాత బాకీకి మాత్రం దీన్ని నమ్ముకోకండి, రిజిస్ట్రేషన్‌కు ముందు చేసిన పని దీని కిందికి రాదని కౌన్సిల్ తిప్పిపంపే అవకాశమే ఎక్కువ. జీఎస్టీ గొడవ మీకు లేదు, సేవలకు ఏడాదికి ₹20 లక్షలు దాటితేనే.

మీవారికి ఈ జవాబు చూపించండి. ₹35,000 తీసుకోవద్దని నేననడం లేదు. కాగితం మార్చి తీసుకోండి అంటున్నాను: "96 వ్యాసాల బాకీలో కొంత ముట్టింది, మిగతాది ఫలానా తేదీలోగా ఇస్తారు, కథల హక్కులు రచయిత్రివే" అని ఉండాలి, అసలు తేదీ వేయాలి. దానికి వాళ్ళు ఫోన్‌లో సరేనంటే, ఫోన్ పెట్టేసిన వెంటనే అదే మాట మెయిల్‌లో రాసి పంపి, జవాబు వచ్చేదాకా సంతకం ఆపండి.