కారణం చిన్నదే అయినా బాధ చిన్నది కాదు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఉద్యోగం ఉంది, ఇంట్లో గొడవల్లేవు, అయినా సాయంత్రమయ్యేసరికి ఏడుపొస్తోందన్నారు. ఏ చిన్న నిర్ణయం తీసుకోవాలన్నా టెన్షన్‌గా ఉంటోందని, ‘ఇంత చిన్నవాటికే ఇలా అయిపోతే ఎలా’ అని మీ మీద మీకే కోపం వస్తోందని రాశారు. మనసును ఎలా చూసుకోవాలి అన్నది మీ ప్రశ్న. ఆ కోపం దగ్గరే నేను ఆగిపోయాను. మూడేళ్ల క్రితం నేనూ రోజూ అదే మాట అనుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున మా అబ్బాయి స్కూలుకి బయల్దేరుతున్నాడు. నీళ్ల సీసా మూత సరిగ్గా బిగించలేదు. బ్యాగులో నీళ్లు కారి రెండు నోట్‌బుక్కులు తడిశాయి. అంతే. నేను అరిచిన అరుపుకి వాడు గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయాడు. నాకు చేతులు వణికాయి. ఆ తర్వాత వారం రోజులపాటు వాడు బయల్దేరేముందు నా ఎదురుగా వచ్చి, సీసాని తలకిందులుగా పట్టుకుని, చుక్క కూడా కారడం లేదని చూపించి వెళ్లేవాడు. నేను అడగలేదు, వాడికి వాడే చేశాడు. చూసిన ప్రతిసారీ కడుపులో దేవినట్టయ్యేది.

ఆ కోపం సీసా మీదది కాదు. ముందురోజు అర్ధరాత్రి దాటేదాకా ఆఫీసు పని, వారం నుంచి జవాబివ్వని ఒక మెయిలు, ఇల్లు మారాలా వద్దా, అమ్మకి మోకాలి ఆపరేషన్ చేయించాలా వద్దా, స్నేహితురాలికి చేస్తానని చెప్పి చేయని ఒక పని. వేటికవి చిన్నవే. అందుకే ఎవరికీ చెప్పుకోలేదు. ‘పెద్ద కష్టమేమీ లేదు కదా’ అనుకుంటూ రోజులు నెట్టేశాను.

తర్వాత దీని గురించి చదివినప్పుడు ఒక విషయం తెలిసింది. 1981లో మనస్తత్వవేత్త రిచర్డ్ లాజరస్ బృందం 100 మంది మధ్య వయస్కులను నెలల తరబడి గమనించింది. జీవితంలోని పెద్ద కుదుపుల కంటే రోజువారీ చికాకులకే వాళ్ల మానసిక ఇబ్బందులతో ఎక్కువ సంబంధం కనిపించింది. ఆలోచిస్తే సబబుగానే ఉంటుంది. పెద్ద కష్టం వస్తే నలుగురూ వస్తారు, సెలవు పెడతాం, ఏడుస్తాం. చిన్నవాటికి ఎవరూ రారు, మనమూ ఆగం. ఒంట్లో మాత్రం చిన్న చికాకుకీ గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు విడుదలవుతాయి. అది తగ్గేలోపే ఇంకోటి వచ్చి పడితే ఒళ్లు తేరుకునే సందే ఉండదు. కాబట్టి మీరు బలహీనులు అనుకోకండి. తేరుకునే వ్యవధి దొరకడం లేదు, అంతే.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది, ఆ బాధ పేరేమిటో కచ్చితంగా పట్టుకోవడం. మనం అన్నిటినీ ‘టెన్షన్’ అనే ఒక్క మాటలో కుక్కేస్తాం. మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి: దిగులు, బెంగ, గుబులు, ఉక్రోషం, విసుగు, చిన్నబోవడం. ఇవన్నీ ఒకటి కావు. ఒక్కోదానికి కావలసింది ఒక్కోటి. బెంగకి మనిషి కావాలి, ఫోన్ చేసి ఆ గొంతు వింటే సగం తగ్గుతుంది. గుబులుకి సమాచారం కావాలి, ఏం జరగబోతోందో తెలియకే అది పెరుగుతుంది. ఉక్రోషం వెనక ఎక్కడో అనకుండా మింగేసిన మాట ఉంటుంది. విసుగు చాలాసార్లు ఒట్టి అలసటే, దానికి ఎంత ఆలోచించినా లాభం లేదు, పడుకోవాలి.

నేను ఒక నోట్‌బుక్ పెట్టుకుని రోజుకి మూడు నాలుగు వాక్యాలు రాయడం మొదలుపెట్టాను. ఏం జరిగింది, నాకేమనిపించింది, దాని పేరేమిటి. జవాబివ్వని ఆ మెయిలు గురించి మొదటిరోజు ‘టెన్షన్’ అనే రాశాను. కొట్టేసి ‘భయం’ అని రాశాను. అదీ కొట్టేశాను. చివరికి వచ్చిన మాట ‘సిగ్గు’. ఆలస్యం చేసినందుకు సిగ్గు, ఆ సిగ్గుతో ఇంకా ఆలస్యం. అది కాగితం మీద చూశాక మూడు లైన్ల జవాబు రాయడానికి పది నిమిషాలు పట్టలేదు. భావానికి పేరు పెట్టినప్పుడు మెదడులో భయం లాంటి భావాలకి స్పందించే అమిగ్డలా అనే భాగం స్పందన తగ్గుతున్నట్టు 2007లో మనస్తత్వవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం స్కానింగ్‌లో గమనించింది. పేరు పెట్టగానే బాధ పోతుందని కాదు, చేతికి అందుతుంది.

అలా రాస్తుండగానే మా అబ్బాయితోనూ మాట్లాడాను. పక్కన కూర్చుని, ‘ఆ రోజు అమ్మకి వేరే పనుల గురించి భయంగా ఉంది నాన్నా, అది నీ మీద చూపించాను, తప్పు నాది’ అన్నాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘అయితే రేపటి నుంచి సీసా చూపించక్కర్లేదా?’ అని అడిగాడు.

ఇక నిర్ణయాల సంగతి. మీకున్న ఇబ్బంది సగం ఇక్కడే ఉందనిపిస్తోంది. ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1956లోనే రాశాడు: మనిషి అన్ని దారుల్లో అత్యుత్తమమైనదాన్ని వెతకలేడు, అవసరానికి సరిపోయేది దొరికితే అక్కడ ఆగుతాడు అని. నేను ఇల్లు వెతికేటప్పుడు ఇది ప్రయత్నించాను. తప్పనిసరిగా ఉండాల్సినవి మూడు ముందే రాసుకున్నాను. ఆ మూడూ ఉన్న మొదటి ఇంటికి సరే అనేశాను. ఆ తర్వాత వేరే ఇళ్ల ఫొటోలు చూడటం పూర్తిగా మానేశాను. నిజానికి అదే కష్టమైంది. వెనక్కి తీసుకోగలిగే నిర్ణయాలకి ఇది చక్కగా సరిపోతుంది. వెనక్కి తీసుకోలేనివాటికి టైమ్ తీసుకోండి, తప్పులేదు.

ఇంకోటి కూడా చూసుకోండి. మనం మోస్తున్న నిర్ణయాల్లో కొన్ని అసలు మనవి కావు. అమ్మ ఆపరేషన్ గురించి నేను నెలల తరబడి నలిగాను. ఒకరోజు అక్క ‘అమ్మని అడిగావా?’ అంది. అడగలేదు. అడిగితే, ముందు కొన్నాళ్లు వ్యాయామాలు చేసి చూస్తానంది అమ్మ. డాక్టరూ సరేనన్నారు. మోకాలు ఆవిడది, నిర్ణయమూ ఆవిడదే.

ఆలోచనలు ఆగకపోతే వాటికి ఒక వేళ కేటాయించండి. మనస్తత్వవేత్త థామస్ బోర్కొవెక్ బృందం 1983లో పరీక్షించిన పద్ధతి ఇది: రోజులో వచ్చిన దిగుళ్లను అప్పటికి వాయిదా వేసి, రోజూ ఒకేచోట, ఒకే వేళకి అరగంటపాటు వాటి గురించే ఆలోచించడం. నేను మొదట పడుకునేముందు పెట్టుకుని నిద్ర పాడుచేసుకున్నాను. సాయంత్రానికి మార్చాక కుదిరింది. నిద్ర, నడక గురించి మీకు తెలిసిందే కాబట్టి పొడిగించను. పెద్దవాళ్లకి కనీసం 7 గంటల నిద్ర కావాలి, దానిలో కోత పెట్టి చేసే ఏ పనీ నాకు కలిసిరాలేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. రెండు వారాలకి పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉంటున్నా, ఇష్టమైనవాటి మీద కూడా మనసు పోకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకండి, ఆ రోజే దగ్గరివాళ్లలో ఒకరికి చెప్పి వెంటనే డాక్టర్ని కలవండి. థైరాయిడ్ తేడా వల్ల, రక్తహీనత వల్ల కూడా నీరసం, దిగులు వస్తాయి, అవి ఉన్నాయో లేదో తెలియడానికి రక్తపరీక్ష చాలు.

నేను వెళ్లిన రోజు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గొంతు పట్టేసింది. బ్యాగులో ఉన్న నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరు గారు కళ్లజోడు పెట్టుకుని మొదటి నాలుగు పేజీలూ తీరిగ్గా చదివారు. అంతసేపూ నేను ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేకపోయింది.