మందు సగమే పనిచేస్తుంటే చిన్నప్పటి సంగతి డాక్టరుకు చెప్పండి

చిన్నప్పుడు నాన్న కొట్టిన దెబ్బలకూ ఇప్పటి డిప్రెషన్‌కూ సంబంధం ఉందా, ఎసిటలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర 10 మి.గ్రా. రెండు నెలలు వాడినా సగమే తేరుకున్నాను, ఆపేయనా అని అడిగారు. సంబంధం ఉంది. 1998లో అమెరికాలో డాక్టర్లు ఫెలిట్టి, ఆండా బృందం ప్రచురించిన అధ్యయనంలో చిన్నతనపు చేదు అనుభవాలు ఎన్ని పోగుపడితే డిప్రెషన్ ముప్పు అంత పెరిగింది. అలాగని దెబ్బలు తిన్న ప్రతివారికీ వస్తుందని కాదు.

మాత్ర మాత్రం ఆపకండి. ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమనడం, చిరాకు రావచ్చు. జబ్బే తిరగబెట్టిందనుకుని హడలిపోతారు. చిన్నప్పటి దెబ్బల సంగతి డాక్టరుకు చెప్పలేదన్నారు కదా, అసలు లోటు అక్కడే ఉందనిపిస్తోంది. నోరు పెగలకపోతే కాగితం మీద రాసివ్వండి: ఏ వయసులో, ఎన్నేళ్లు, పీడకలలు వస్తున్నాయా, ఇప్పుడు ఏది చూస్తే గుండె దడదడలాడుతోంది. మోతాదు పెంచాలా, మందు మార్చాలా అన్నది ఆయన తేలుస్తారు. థైరాయిడ్, విటమిన్ బీ12 పరీక్షలు చేశారో లేదో కూడా అడగండి, వాటిలో తేడా ఉన్నా డిప్రెషన్ తగ్గకపోవచ్చు.

మందుతో పాటు ట్రామా (మనసుకు తగిలిన గాయం) మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల తీరును, నడవడిని మార్చే మాటల చికిత్స) గానీ ఈఎండీఆర్ (కళ్లను అటూఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకాల పట్టు సడలించే చికిత్స) గానీ తెలిసిన క్లినికల్ సైకాలజిస్టు కావాలి. మొదటి రోజే గతమంతా తవ్వేవాళ్లతో జాగ్రత్త. ముందు నిద్ర, భయం అదుపులోకి రావాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.