టెక్ సందేహాలు: ఒకే బీబీఎస్, మూడు నెట్‌వర్క్‌లు

ప్రశ్న: ఇంట్లో పాత పీసీ ఖాళీగా ఉంటే సింక్రోనెట్ సాఫ్ట్‌వేర్ వేసి బీబీఎస్ (బులెటిన్ బోర్డ్ సిస్టమ్) పెట్టాను. లోపల నేనూ, మా ఫ్రెండూ తప్ప పురుగు లేదు. ఫిడోనెట్, ఎఫ్‌ఎస్‌ఎక్స్‌నెట్, డవ్‌నెట్ అనే మూడు మెసేజ్ నెట్‌వర్క్‌లకూ దాన్ని కలపవచ్చా? ఒక నెట్‌వర్క్ మెసేజ్‌లు ఇంకో నెట్‌వర్క్‌లోకి పోతే తిడతారని విన్నాను. - ఓ పాఠకుడు, హైదరాబాద్

కలపవచ్చు. ఒకేసారి మాత్రం వద్దు. ఒక నెట్‌వర్క్‌లో మీరు రాసింది బయటికి వెళ్లి, దానికి జవాబు తిరిగి వచ్చిందాకా రెండోదాని జోలికి పోకండి. మూడూ ఒకే రాత్రి కూర్చుని పెట్టేసినవాళ్లకు మెయిల్ రాకపోతే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం నరకం.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ స్యూస్ 1978లో చికాగోలో మొదటి బీబీఎస్ పెట్టారు. మోడెమ్‌తో ఫోన్ చేసి, మెసేజ్‌లు చదివి, రాసి, ఫోన్ పెట్టేసేవారు. 1984లో టామ్ జెన్నింగ్స్ మొదలెట్టిన ఫిడోనెట్‌తో ఒక బీబీఎస్ ఇంకో బీబీఎస్‌కు రాత్రిపూట కాల్ చేసి మెయిల్ ఇచ్చిపుచ్చుకోవడం వచ్చింది. ఇప్పుడు ఫోన్ లైన్ పోయింది, ఇంటర్నెట్ మీద బింక్‌పీ అనే ప్రోటోకాల్‌తో అదే పని జరుగుతోంది. దాని పోర్ట్ 24554. (మోడెమ్ ఎక్కడ దొరుకుతుందని వరంగల్ నుంచి ఒకరు అడిగారు. అక్కర్లేదండీ.)

మీరు సింక్రోనెట్ ఎంచుకోవడం మంచిదైంది. మెయిల్ మోసే మెయిలర్, వచ్చిన ప్యాకెట్లను విప్పి ఏ మెసేజ్ ఏ బోర్డుకో సర్దే టాసర్, రెండూ దాంతోనే వస్తాయి. మిస్టిక్ అనే ఇంకో బీబీఎస్ సాఫ్ట్‌వేర్ తేలిక, దాన్ని ఇష్టపడేవాళ్లు చాలామంది. కానీ దాని కొత్త వెర్షన్ల సోర్స్ కోడ్ బయట లేదు. సింక్రోనెట్ ఓపెన్ సోర్స్. నా ఓటు దానికే.

డవ్‌నెట్‌తో మొదలెట్టండి. సింక్రోనెట్ వాళ్లకు అది సొంత ఇల్లు. పద్ధతి కూడా వేరు: క్యూడబ్ల్యూకే ప్యాకెట్లు, అంటే మెసేజ్‌లన్నీ కట్టగట్టిన ఫైళ్లు. ఫిడో తరహా చిరునామా అక్కర్లేదు. మీ బీబీఎస్‌కు 8 అక్షరాలు దాటని ఒక క్యూడబ్ల్యూకే ఐడీ పెట్టుకుని, అదే పేరుతో హబ్‌లో, అంటే మిగతావాళ్లకు మెయిల్ పంచే బీబీఎస్‌లో, అకౌంట్ తెరవాలి. సెట్టింగ్‌లలో హబ్ వివరాలు ఇచ్చి, ఎన్ని నిమిషాలకోసారి కాల్ చేయాలో (అంటే ఇంటర్నెట్‌లో కనెక్ట్ కావాలో) చెబితే సరి.

తర్వాత ఎఫ్‌ఎస్‌ఎక్స్‌నెట్. ఇది ఫిడో టెక్నాలజీతో నడిచే వేరే నెట్‌వర్క్, జోన్ నంబర్ (చిరునామాలో మొదట వచ్చే సంఖ్య) 21. కొత్తవాళ్లు అడిగిన చిన్న ప్రశ్నలకు కూడా విసుక్కోరు. దరఖాస్తు చేస్తే నోడ్ నంబర్, అంటే ఆ నెట్‌వర్క్‌లో మీ బీబీఎస్ నంబర్, ఇస్తారు. ఫిడోనెట్ చివర్లో పెట్టుకోండి. అక్కడ కోఆర్డినేటర్లు, నోడ్‌లిస్ట్ (నోడ్‌ల జాబితా), కొంత పెద్దరికం ఉంటాయి. పాత డాక్యుమెంట్లలో ఆసియా అంటే 6వ జోన్ అని కనిపిస్తుంది, దాన్ని నమ్మకండి. 2007లో దాన్ని ఎత్తేసి, మిగిలిన నోడ్‌లను 3లో కలిపేశారు.

నోడ్ నంబర్ ఇచ్చేటప్పుడు నెట్‌వర్క్‌వాళ్లు పాస్‌వర్డ్‌లు అడుగుతారు. అందరూ తడబడేది ఇక్కడే, ఎందుకంటే అవి మూడు రకాలు. బింక్‌పీ కనెక్షన్‌కు ఒకటి, ప్యాకెట్‌కు ఒకటి, ఏరియాలు (ఒక్కో విషయానికి ఒక్కో మెసేజ్ బోర్డు) తెప్పించే ఏరియాఫిక్స్ ప్రోగ్రామ్‌కు ఒకటి. ప్యాకెట్ హెడర్‌లో పాస్‌వర్డ్‌కు ఉన్న చోటు 8 అక్షరాలే. 12 అక్షరాల గట్టి పాస్‌వర్డ్ పెట్టి, అవతలివాళ్లకు కూడా అదే ఇచ్చి, మెయిల్ ఎందుకు రావడం లేదని టెన్షన్ పడేవాళ్లు ఉంటారు. మూడింటికీ 8 అక్షరాల లోపు, అంతా క్యాపిటల్స్‌లో పెట్టుకోండి. కనెక్షన్ పాస్‌వర్డ్ మొత్తానికే లేకపోతే ఇంకో చిక్కు: కాల్ కలుస్తుంది, ఫైల్ కూడా దిగుతుంది, కానీ నమ్మకం లేని ఫైళ్ల కోసం ఉన్న వేరే ఫోల్డర్‌లో పడుతుంది. టాసర్ దాన్ని బోర్డుల్లోకి ఎక్కించదు. లాగ్‌లో "సెక్యూర్" అని ఉందా, "అన్‌సెక్యూర్" అని ఉందా చూడండి.

ఏరియాలు తెప్పించుకోవడానికి హబ్‌కు నెట్‌మెయిల్ (ఒక్కరికే వెళ్లే మెయిల్) రాయాలి. ఎవరికి అన్న చోట ఏరియాఫిక్స్, సబ్జెక్ట్‌లో పాస్‌వర్డ్, లోపల ఒక్కో లైన్‌లో ప్లస్ గుర్తు, దాని పక్కనే ఏరియా పేరు. మొదటి మెసేజ్ టెస్ట్ ఏరియాలోనే వేయండి. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌నెట్‌లో దాని కోసం ఎఫ్‌ఎస్‌ఎక్స్_టీఎస్‌టీ ఉంది. జనరల్ ఏరియాలో "హలో టెస్ట్" అని వేస్తే అది ప్రపంచంలోని అన్ని నోడ్‌లకూ వెళ్లి కూర్చుంటుంది.

ఇక మీ అసలు భయం. అది నిజమే. ఒక నెట్‌వర్క్ మెసేజ్‌లు ఇంకోదాంట్లోకి కారితే హబ్ నడిపేవాళ్లు మీ లింకే తీసేయగలరు. రెండు నెట్‌వర్క్‌ల ఏరియాలను ఒకే లోకల్ బోర్డుకు తగిలించినా, రెంటిలోనూ ఒకే పేరున్న ఏరియా ఉన్నా ఇది జరుగుతుంది. అందుకే ఒక్కో నెట్‌వర్క్‌కు వేరే మెసేజ్ గ్రూప్ పెట్టి, ఆ గ్రూప్ నుంచి వెళ్లేవాటికి ఆ నెట్‌వర్క్ చిరునామానే వాడాలి.

ఒక మెసేజ్ ఎవరెవరి దగ్గరికి వెళ్లిందో దాని అడుగున సీన్-బై లైన్లలో రాసి ఉంటుంది. డూప్‌లు (ఒకే మెసేజ్ మళ్లీ మళ్లీ రావడం) రాకుండా ఆపేవాటిలో అదొకటి. కానీ అందులో నెట్, నోడ్ నంబర్లే ఉంటాయి, జోన్ ఉండదు. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌నెట్‌లో ఒక హబ్ చిరునామా 21:1/100, అంటే జోన్ 21, నెట్ 1, నోడ్ 100. ఇంకో నెట్‌వర్క్‌లో కూడా హబ్ 1/100 అయితే సీన్-బైలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. నెట్‌వర్క్‌లు కలగలిస్తే టాసర్‌కు తేడా తెలియదు, "వీళ్లకు ఆల్రెడీ వెళ్లింది" అనుకుని మెసేజ్‌ను పక్కన పెట్టేస్తుంది. అలాగే ఒకే నెట్‌వర్క్‌ను ఇద్దరు హబ్‌ల నుంచి తెచ్చుకోకండి. బ్యాకప్ ఉంటుందన్న ఆశతో చేస్తారు, చివరికి మిగిలేవి డూప్‌లే. ఒకే హబ్ మీకు రెండు నెట్‌వర్క్‌లు ఇస్తుంటే మాత్రం కనెక్షన్ పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే ఉండేలా అడగండి. కాల్ మొదట్లోనే మీ మెయిలర్ తన చిరునామాలన్నీ చదివేస్తుంది. వాటి పాస్‌వర్డ్‌లు వేర్వేరుగా ఉంటే అవతలివాళ్లు తిప్పి పంపే ప్రమాదం ఉంది.

ప్రశ్న: రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ చేసినా బయటినుంచి ఎవరూ మా బీబీఎస్‌కు కనెక్ట్ కావడం లేదు సార్. కస్టమర్ కేర్‌వాళ్లు రౌటర్ రీస్టార్ట్ చేయమంటున్నారు. - విజయవాడ

రీస్టార్ట్‌తో పోయే జబ్బు కాదది. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కు ఇంటర్నెట్ వైపు ఉన్న చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నట్టు. అంటే ఒకే పబ్లిక్ ఐపీని మీతో పాటు ఇంకెంతోమంది పంచుకుంటున్నారు. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ అడగండి, లేదంటే నెలవారీ అద్దెకు చిన్న వీపీఎస్ (సొంత పబ్లిక్ ఐపీ ఉన్న దూరపు సర్వర్) తీసుకోండి.

అయితే నెట్‌వర్క్ మెయిల్‌కు ఇవేవీ అవసరం లేదు. మీ మెయిలరే అరగంటకోసారి హబ్‌కు కాల్ చేసి, ఉన్నది ఇచ్చి, మీకోసం ఆపి ఉంచింది తెచ్చుకుంటుంది. ఆ కాల్ లోపలినుంచి బయటికి పోయేదే కాబట్టి సీజీన్యాట్ అడ్డురాదు. దరఖాస్తులో "నేనే పోల్ చేస్తాను, మీరు నాకు కాల్ చేయలేరు" అని రాసేయండి.

వీపీఎస్‌లో టెల్నెట్ (జనం బీబీఎస్‌లోకి లాగిన్ అయ్యే పాత దారి, పోర్ట్ 23) తెరిస్తే ఇంకో తలనొప్పి. 2016లో గోల చేసిన మిరాయ్ లాంటి బాట్‌లు (వాటంతటవే చొరబడజూసే ప్రోగ్రామ్‌లు) పోర్ట్ 23 కోసం ఇప్పటికీ తిరుగుతుంటాయి. 2323కి మార్చినా ఉపయోగం లేదు, మిరాయ్ దాన్నీ వెతికేది. మీ నాలుగు లైన్లనూ బాట్‌లే ఆక్రమించి, నిజమైన మనిషికి బిజీ వస్తుంది. ఎవరూ ఊహించని పోర్ట్ పెట్టండి, గుప్తంగా నడిచే దారి ఎస్‌ఎస్‌హెచ్ కూడా ఇవ్వండి.

ప్రశ్న: బీబీఎస్‌లో తెలుగు రాయవచ్చా? నేను రాస్తే గీతలూ, డబ్బాలూ వస్తున్నాయి. - డల్లాస్

మీరు డల్లాస్ అన్నారు కాబట్టి చెబుతున్నాను, అందరూ చదివే ఏరియాలు, అంటే ఎకోమెయిల్, 1980ల మధ్యలో మీ ఊరి జెఫ్ రష్ చేతిలోనే పుట్టింది.

ఇక తెలుగు సంగతి. బీబీఎస్ లోకం పాత ఐబీఎం పీసీ క్యారెక్టర్ సెట్ మీద నిలబడింది. ఆ 256 గుర్తుల్లో బాక్స్ గీతలకు చోటుంది కానీ, మన "అ"కు లేదు. అన్ని భాషలూ రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తు 3 బైట్లు. పాత సాఫ్ట్‌వేర్ వాటిని 3 వేర్వేరు అక్షరాలనుకుని గీతలు గీస్తుంది. సింక్రోనెట్‌కు యూటీఎఫ్-8 తెలుసు, మెసేజ్‌తో పాటు ఆ సంగతి రాసి పంపుతుంది కూడా. టెర్మినల్‌లో (అక్షరాలు మాత్రమే కనిపించే తెరలో) మాత్రం 80 గళ్ల లెక్కలో ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి.

అందుకే టెర్మినల్ మానేయండి. సింక్రోనెట్‌లో ఎన్‌ఎన్‌టీపీ (న్యూస్‌గ్రూప్‌ల) సర్వర్ ఉంది, దాన్ని ఆన్ చేసి థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌తో చదివి రాయండి. అక్షరాలు శుభ్రంగా వస్తాయి. ఏ నెట్‌వర్క్‌కూ తగిలించని లోకల్ గ్రూప్ ఒకటి పెట్టి తెలుగంతా అందులో రాయించండి. ఫిడోనెట్ ఏరియాల్లో మాత్రం ఇంగ్లిష్‌లోనే రాయండి. అవతలి నోడ్‌లో ఏ కాలం నాటి సాఫ్ట్‌వేర్ నడుస్తోందో ఎవరికి ఎరుక?