ధీరేన్ గంగూలీ ‘బిలాత్ ఫేరత్’ ఇప్పుడు చూడగలమా?

మీరు రెండు సంగతులు అడిగారు. 1921 నాటి బెంగాలీ మూకీ ‘బిలాత్ ఫేరత్’ ఎక్కడైనా చూడొచ్చా? అందులో హీరోగా వేసిన ధీరేన్ గంగూలీ హైదరాబాద్‌లో తీసిన సినిమాలైనా మిగిలాయా? రెండింటికీ లేదనే చెప్పాలి. వీటిలో దేనికీ పూర్తి ప్రింటు లేదు. పాత సినిమా కరపత్రాలు, పాటల పుస్తకాలు సేకరించడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఈయన హైదరాబాద్ సినిమాల జాడ కోసం బాగానే తిరిగాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

కథ మనకు స్థూలంగానే తెలుసు. చాలాకాలం ఇంగ్లండ్‌లో ఉన్న కుర్రాడు కలకత్తాకు తిరిగొస్తాడు. అతని దొరల వేషం, ప్రేమ గురించీ పెళ్లి గురించీ తెచ్చుకున్న కొత్త అభిప్రాయాలు చూసి ఇంట్లో వాళ్లు బెంబేలెత్తిపోతారు. ఇప్పుడు మామూలు కథే అనిపిస్తుంది. కానీ అప్పటికి మన దేశంలో తెర మీద ఎక్కువగా కనిపించేది పురాణాలే. అదే 1921లో మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. అలాంటి రోజుల్లో ప్యాంటూ కోటూ వేసుకున్న మనవాడిని, వాడి పెళ్లి గొడవను తెరకెక్కించి జనాన్ని నవ్వించడం నా దృష్టిలో పెద్ద సాహసం. కథ రాసిందీ గంగూలీయే. దర్శకుడు నితీశ్ లాహిరి. అంతకుముందే గంగూలీ రకరకాల వేషాలు తనే వేసుకుని దిగిన ఫోటోలతో ఓ పుస్తకం వేశాడు. అంత ముఖకవళికలున్న మనిషి మాటలు లేని సినిమాలో ఎలా చేసుంటాడో చూడలేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక హైదరాబాద్ సంగతి. ఆయన ఇక్కడ ఆర్ట్ స్కూల్లో పనిచేసినవాడే. కలకత్తాలో సినిమా మొదలుపెట్టాక మళ్లీ ఇక్కడికొచ్చి, నిజాం అండతో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. స్టూడియో కట్టి, సినిమా హాళ్లు కూడా నడిపాడు. ‘యయాతి’, ‘హర గౌరి’, ‘ఇంద్రజిత్’ లాంటి పురాణ కథలతో పాటు ‘ది మ్యారేజ్ టానిక్’ అనే కామెడీ కూడా ఆ కంపెనీదే. 1924లో బొంబాయి సినిమా ‘రజియా బేగం’ను ఇక్కడ ఆడించాడు. ముస్లిం రాణి ఒక హిందువును ప్రేమించడం అందులో కథ. నిజాంకు కోపం వచ్చి ఊరు వదిలి వెళ్లమన్నాడు. కంపెనీ అక్కడితో ముగిసింది. తర్వాత ఆయన కలకత్తాలో మళ్లీ నిలదొక్కుకున్నాడు. 1975కు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు కూడా అందుకున్నాడు. హైదరాబాద్ సినిమాలు మాత్రం పేర్లుగానే మిగిలాయి.

ఎందుకు పోయాయంటే, అప్పటి ఫిల్మ్ నైట్రేట్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసినది. ఇట్టే అంటుకుంటుంది, దాచినా కాలక్రమంలో జిగురుగా మారి, చివరికి గోధుమరంగు పొడి అయిపోతుంది. దానికి తోడు 1931లో టాకీలు వచ్చాక మూకీ ప్రింటుకు విలువ లేదు. దాని మీది పూతలో ఉండే వెండి తీసి అమ్మితే ఆ డబ్బయినా వస్తుంది. మన దేశంలో 1,300కు పైగా మూకీలు తీశారని అంచనా. పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి కొన్ని పదులు మాత్రమే. పుణేలో పాత సినిమాలు భద్రపరిచే ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టిందే 1964లో. అప్పటికే చాలా ఆలస్యమైపోయింది.

పాతబస్తీలో ఒక కుటుంబం వాళ్లు “మా తాతగారి రీలు, నిజాం కాలం నాటిది” అని నన్ను పిలిచారు. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంది. ఆ వాసన తర్వాత వచ్చిన, ఇట్టే అంటుకోని అసిటేట్ ఫిల్మ్‌ది, నైట్రేట్‌ది కాదు. అంచు మీద, అది నైట్రేట్ కాదని చెప్పే ‘సేఫ్టీ’ అన్న ముద్ర కూడా ఉంది. చూస్తే తర్వాతి కాలపు న్యూస్ రీలు. ఆ పెద్దాయన ముఖం చిన్నబోయింది. అయినా అటకల మీద వెతకడం దండగ అని నేననను. కరపత్రం, హాలు ఫోటో, టికెట్ ముక్క, ఏది దొరికినా ఆ సినిమాల గురించి ఇప్పుడు తెలిసినదానికంటే ఎక్కువే చెబుతుంది. లోటస్ కంపెనీ కాగితం ఒక్కటి కూడా నాకింతవరకు కంటపడలేదు.

ఆ కాలపు బెంగాలీ కామెడీ ఎలా ఉండేదో చూడాలంటే 1931 నాటి ‘జమాయ్ బాబు’ చూడండి. కాలీపద దాస్ తీసిన ఆ చిన్న మూకీ అదృష్టవశాత్తూ బతికింది. పల్లెటూరి అల్లుడు కలకత్తా వచ్చి పడే తిప్పలే కథంతా. అప్పటి వీధులు కూడా కనిపిస్తాయి. దీన్ని చూసి ‘బిలాత్ ఫేరత్’ ఇలాగే ఉండేదని అనుకోవద్దు, మధ్యలో పదేళ్ల తేడా ఉంది.

మీ ఇంట్లో పాత రీళ్లుంటే ప్రొజెక్టర్‌లో పెట్టి ఆడించకండి, కొరియర్‌లో పంపకండి. ముందు అంచు మీద ముద్ర ఉందేమో చూడండి. 16 ఎం.ఎం. అయితే నైట్రేట్ భయం లేదు. 35 ఎం.ఎం. అయి, ‘సేఫ్టీ’ అని లేకపోతే మంటకూ ఎండకూ దూరంగా, చల్లగా ఉండే చోట పెట్టి, పుణే ఆర్కైవ్ వాళ్లకు ఫోటోలతో రాయండి. ఆర్కైవ్ ఇప్పుడు ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ) కింద ఉంది. డబ్బా మీద ఏ భాషలో ఏం రాసి ఉన్నా చెరపకండి, లేబుల్ ఊడిపోతే దాన్నీ అదే డబ్బాతో ఉంచండి.