నిద్రలో పెరిగే బీపీ: రిపోర్టులో ఏది చూడాలి?

ప్రశ్న: మా వారికి 54 ఏళ్లు. ఒళ్లు బరువు, గురక ఎక్కువ. 24 గంటల బీపీ పరీక్షలో పగటి సగటు 132/82 వస్తే, నిద్రలో 134/80 వచ్చింది. రక్తపరీక్షలో హెచ్‌ఎస్ సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపేది) 4.2, యూరిక్ యాసిడ్ 7.8, ట్రైగ్లిజరైడ్లు 230, పరగడుపు షుగర్ 108, ఇన్సులిన్ 18. వీటికీ బీపీకీ సంబంధం ఉందా? బీపీ మాత్ర రాత్రికి మార్చాలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సంబంధం ఉందమ్మా. నిద్రలో బీపీ పగటికన్నా 10 నుంచి 20 శాతం తగ్గాలి. మీ వారికి పై అంకె తగ్గకపోగా కాస్త పెరిగింది. నిద్రలో సగటు 120/70 దాటితేనే ఎక్కువ కింద లెక్క. పగటి అంకె మామూలుగా ఉంది కదా అని దీన్ని వదిలేయకూడదు. గుండెజబ్బు, పక్షవాతం ముప్పును పగటి బీపీకన్నా రాత్రి బీపీయే బాగా పట్టిస్తుంది.

షుగర్‌ను ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగిస్తే 4.8 వస్తుంది. 2.5 దాటితే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని సాధారణంగా అనుకుంటాం. అప్పుడు ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతుంది, మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచుతాయి. పగలు పోని ఉప్పును రాత్రి బయటికి పంపాలంటే బీపీ పెరగక తప్పదు. రాత్రి మూత్రానికి ఒకటికి రెండుసార్లు లేవడానికి ఇదీ ఒక కారణం. ఇక గురక మధ్యలో ఊపిరి ఆగినప్పుడల్లా ఆక్సిజన్ పడిపోతుంది, నరాలు ఉలిక్కిపడి రక్తనాళాలను బిగిస్తాయి. పొట్టచుట్టూ కొవ్వుకు ఇది కూడా తోడైతే సీఆర్‌పీ పెరుగుతుంది.

అయితే సీఆర్‌పీ, యూరిక్ యాసిడ్ అంకెలను దించడానికని మందులు వాడకండి. గౌట్ అనే కీళ్లవాతం, మూత్రపిండాల్లో రాళ్లు లేనప్పుడు 7.8 యూరిక్ యాసిడ్‌కు మాత్ర అక్కర్లేదు. ముందు చేయించాల్సింది నిద్ర పరీక్ష. మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి (మూత్రంలో ప్రొటీన్ పోతోందా అని చూసేది) కూడా చూడాలి, అది 30 దాటితే మూత్రపిండాలకు దెబ్బ మొదలైనట్టు అనుమానించాలి. నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగుతుంటే డాక్టరుకు చెప్పండి, అవి బీపీని పెంచుతాయి.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు చెంచాడు, దాటకూడదు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. రాత్రి భోజనంలో వీటిని మొదట మానిపించండి.

మాత్ర వేళ సంగతి: బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా చూసి 2022లో వెల్లడించిన టైమ్ అధ్యయనంలో పొద్దున వేసుకున్నా సాయంత్రం వేసుకున్నా గుండెకు తేడా కనిపించలేదు. మరవకుండా వేసుకోగల వేళే మంచిది. మూత్రం ఎక్కువ చేసే మాత్ర మాత్రం పొద్దునే వేసుకోవాలి.

ఒక్క పరీక్షతోనే తీర్పు ఇవ్వకండి. చేతికి కట్టిన బీపీ యంత్రం పట్టీ బిగుసుకున్నప్పుడల్లా మెలకువ వస్తే రాత్రి అంకె పెరుగుతుంది. మళ్లీ చేయించేటప్పుడు చేతి లావుకు తగ్గ పట్టీ అడగండి. పడుకున్న, లేచిన వేళలు కాగితం మీద రాయండి. లేకపోతే యంత్రం తనకు ముందే పెట్టిన గంటలనే నిద్రగా లెక్కేస్తుంది. రాత్రి కనీసం 7 రీడింగులు సరిగా రావాలి.

ప్రశ్న: నాకు సీఆర్‌పీ 14 వచ్చింది. గుండెకు ప్రమాదమా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: 10 దాటితే ముందు జ్వరం, పంటి చీము, దెబ్బ లాంటివి వెతకాలి. అవి తగ్గాక రెండు మూడు వారాలు ఆగి మళ్లీ చేయించండి. అప్పుడు 3 పైన ఉంటే గుండె ముప్పు కోసం పట్టించుకోవాలి, 1 లోపు ఉంటే మంచిది.