గుజ్జు పెంచే ఇంజెక్షన్ వచ్చేసిందా?

ప్రశ్న: నా వయసు 59. షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నాను. రెండు మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందని, గ్రేడ్ 3 అని డాక్టరు చెప్పారు. మెట్లు దిగేటప్పుడు ప్రాణం పోతోంది. స్టెమ్ సెల్ ఇంజెక్షన్ చేస్తే గుజ్జు మళ్లీ పెరుగుతుందని, మోకాలికి లక్షన్నర అవుతుందని ఒక క్లినిక్‌లో అన్నారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయేమో స్టాన్‌ఫర్డ్‌లో కొత్త మందు కనిపెట్టారు, ఆగమంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: లక్షన్నర ఇప్పుడే కట్టకండి. అలాగని స్టాన్‌ఫర్డ్ మందు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. వయసుతోపాటు పెరిగే 15-పీజీడీహెచ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటే ముసలి ఎలుకల మోకాళ్లలో గుజ్జు మందమైందని 2025 నవంబరులో అక్కడి పరిశోధకులు ప్రకటించారు. మోకాలి మార్పిడి ఆపరేషన్లలో తీసేసిన మనుషుల గుజ్జు ముక్కలపైనా ల్యాబ్‌లో ఆశాజనకమైన ఫలితం వచ్చింది. మంచి పరిశోధనే. కానీ ఎలుక మోకాలి నుంచి మీ మోకాలికి చాలా దూరం ఉంది.

ఎందుకంటే, గుజ్జు పెరిగినంత మాత్రాన నొప్పి తగ్గాలని లేదు. స్ప్రిఫెర్మిన్ అనే ఇంజెక్షన్‌ను 549 మందిపై పరీక్షించారు. ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో రెండేళ్లకు గుజ్జు నిజంగానే మందమైంది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారితో తేడా ఎంతో తెలుసా? 0.05 మిల్లీమీటర్లు, అంటే తెల్లకాగితం మందంలో సగం. నొప్పిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. గుజ్జులో నరాలు ఉండవు. నొప్పి పుట్టేది దాని కిందున్న ఎముకలో, కీలు లోపలి వాచిన పొరలో. పైగా గుజ్జుకు రక్తనాళాలు కూడా లేవు, అందుకే అరిగితే తనంతట తాను పూడదు.

ఇక క్లినిక్ సంగతి. ఏ కణాలు, ఎక్కడ తయారయ్యాయి, ఔషధ నియంత్రణ సంస్థ డీసీజీఐ అనుమతి ఉందా అని అడిగి, కాగితం మీద రాయించుకోండి. దాత ఎముక మజ్జ నుంచి బెంగళూరు కంపెనీ ఒకటి తయారుచేసిన స్టెమ్‌ప్యూసెల్‌కు గ్రేడ్ 2, 3 అరుగుదల కోసం 2022లో అనుమతి వచ్చింది. పరీక్షల్లో అది నొప్పిని తగ్గించింది, అరుగుదల నెమ్మదించినట్టు కనిపించింది. గుజ్జు కొత్తగా మొలిచిందని ఆ పరీక్ష కూడా చెప్పలేదు. మీ పొట్ట కొవ్వు తీసి అక్కడికక్కడే శుద్ధిచేసి ఎక్కిస్తామంటే అది వేరే కథ. మజ్జ, కొవ్వు, బొడ్డుతాడు కణాలను మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోల్చిన అమెరికా అధ్యయనం 2023లో వెలువడింది. ఏడాది తర్వాత చూస్తే ఏ కణాలూ స్టెరాయిడ్‌ను మించలేదు. ‘ఇది ప్రయోగం’ అని క్లినిక్‌వారే అంటే, మన దేశంలో మందుల ప్రయోగాలను నమోదు చేసే సీటీఆర్‌ఐ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ప్రయోగంలో చేరినవారి నుంచి మందు డబ్బు వసూలు చేయకూడదు.

కణాల పేరు చెప్పి ఏది ఎక్కిస్తున్నారో చూసుకోవాలనడానికి దక్షిణ కొరియాలో జరిగినదే సాక్ష్యం. గుజ్జు కణాలతో చేశామని చెప్పిన ఇన్వోసా అనే మోకాలి ఇంజెక్షన్‌కు 2017లో అనుమతి ఇచ్చి, అందులో కిడ్నీ కణాలు ఉన్నాయని తేలాక 2019లో రద్దుచేశారు. అప్పటికే వేల మంది వేయించుకున్నారు.

పీఆర్‌పీ, అంటే మన రక్తం నుంచే ప్లేట్‌లెట్లు వేరుచేసి ఇచ్చే ఇంజెక్షన్, గురించి కూడా ఎవరైనా చెప్పే ఉంటారు. ఆస్ట్రేలియాలో 288 మందిపై చేసిన పరీక్షలో ఏడాదికి అది ఉప్పునీటి ఇంజెక్షన్‌కంటే మెరుగని తేలలేదు. స్టెరాయిడ్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది, కానీ మీకు కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. మూడు నెలలకోసారి వేయించుకుంటూ పోతే గుజ్జు ఇంకా తరుగుతుంది.

బరువు ఎక్కువుంటే తగ్గించుకోండి. కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలిపై దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, తొడ కండరం గట్టిపడేలా కిందికి అదమండి. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఒక్కో కాలికి పదిసార్లు, పూటకోసారి, కనీసం మూడు నెలలు చేయండి. దీనికి ఎవరూ ప్రకటన వేయరు, అందుకే ఎవరూ చేయరు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోండి, నొప్పి ఎక్కువున్న కాలు ముందు వేయండి.

అప్పటికీ రాత్రి నొప్పితో నిద్ర పట్టకపోతే, నిలబడి తీయించుకున్న ఎక్స్‌రేతో ఎముకల డాక్టరును కలవండి. మార్పిడి అవసరమని ఆయన అంటే కొత్త మందు వస్తుందని వాయిదా వేయకండి. ఏ ఇంజెక్షన్ తర్వాతైనా మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.