తాజ్‌మహల్‌కి పొద్దున్నే ఎందుకు వెళ్లాలి? రాయి చెక్కే మా మావయ్య చూపించిన కారణం

"తాజ్‌మహల్‌కి తెల్లవారుజామునే వెళ్లాలని అందరూ అంటున్నారు. గుంటూరు నుంచి మా నాన్నగారితో, ఇద్దరు పిల్లలతో వెళ్తున్నాం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. నాలుగింటికి అందర్నీ లేపి హడావుడి పడాలా, టిఫిన్ చేసి పదింటికి వెళ్తే ఏం పోతుంది?" అని మీరు అడిగారు.

పదింటికి వెళ్తే సగం తాజ్‌మహల్ పోతుంది. రెండు రకాలుగానూ వెళ్లొచ్చాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. జనం తక్కువ ఉంటారు, ఫోటోలు బాగా వస్తాయి అని అందరూ చెప్పే కారణాలు నా దృష్టిలో చాలా చిన్నవి. అసలు కారణం వెలుతురు.

మొదటిసారి ఒక ప్యాకేజీ బస్సులో వెళ్లాం. మే నెల. పొద్దున మధుర చూపించి, ఒంటిగంటకి ఆగ్రాలో దింపి, గంటన్నరలో బస్సు దగ్గరికి వచ్చేయమన్నారు. ఆ ఎండలో తెల్లరాయి వైపు కళ్లు తెరిచి చూడలేకపోయాం. అమ్మ ఒక చెట్టు కింద కూర్చుండిపోయింది. ఇంటికొచ్చాక పక్కింటివాళ్లు ఎలా ఉందని అడిగితే "పెద్దగా ఉంది, తెల్లగా ఉంది" అంది. అంతకుమించి చెప్పడానికి ఆమెకేమీ మిగల్లేదు. మన వైపు నుంచి కాశీ, ప్రయాగ, ఢిల్లీ అంటూ తిప్పే చాలా ప్యాకేజీలు ఇంతే. ఆగ్రాని మధురకీ ఢిల్లీకీ మధ్య భోజనం ఆపినట్టు ఇరికిస్తారు. పెద్దవాళ్లు జన్మలో ఒక్కసారి అంత దూరం వెళ్తే వాళ్లకి మిట్టమధ్యాహ్నం ఎండ చూపించి తీసుకొస్తారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండోసారి మా మావయ్యతో వెళ్లాను. ఆయనది దుర్గి. మాచర్ల దగ్గర, రాతి శిల్పాలకి పేరున్న ఊరు, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మావయ్య పన్నెండో ఏట ఉలి పట్టుకున్నాడు, అరవై దాటినా వదల్లేదు. పల్నాటి రాయిలో వినాయకుళ్లు, నందులు, బుద్ధుడి తలలు చెక్కుతాడు. విజయవాడలో రైలెక్కి ఆగ్రా కంటోన్మెంట్‌లో దిగాం. రాత్రి భోజనాల దగ్గరే మావయ్య ఖరారు చేసేశాడు. "పొద్దు పొడిచేటప్పటికి రాయి ముందు ఉండాలి అల్లుడూ."

ఫిబ్రవరి ఆఖరు వారం. అయిదున్నరకల్లా తూర్పు గేటు దగ్గర ఉన్నాం. సూర్యోదయానికి అరగంట ముందు గేటు తీస్తారు. ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరువేరు లైన్లు. తనిఖీలో మావయ్య జేబులోంచి చుట్టలు, అగ్గిపెట్టె తీయించారు. పొగాకు, అగ్గిపెట్టెలు, తినుబండారాలు లోపలికి రానివ్వరు. మీ పిల్లల కోసం సంచిలో జంతికలు పెట్టుకోకండి, అక్కడే వదిలేయాల్సి వస్తుంది.

లోపలికి వెళ్లగానే జనం అంతా చెరువు దగ్గరున్న డయానా బెంచీ వైపు పరుగెత్తారు. బ్రిటన్ యువరాణి 1992లో కూర్చుని ఫోటో దిగిన బెంచీ అది. అక్కడ కూర్చుని ఫోటో దిగడానికి ముప్పై మంది వరసలో నిలబడ్డారు. నేనూ అటు అడుగు వేయబోతే మావయ్య నా మోచెయ్యి పట్టుకుని నేరుగా సమాధి దగ్గరికి తీసుకెళ్లాడు. మామూలు టికెట్ 50 రూపాయలు, పైన సమాధి దగ్గరికి వెళ్లడానికి ఇంకో 200. చాలామంది ఆ 200 మిగుల్చుకుని కిందనుంచే చూసి వచ్చేస్తారు. దయచేసి ఆ పొరపాటు చేయకండి. పనితనమంతా పైనే ఉంది.

పైకి వెళ్లేసరికి ఇంకా సూర్యుడు రాలేదు. రాయి బూడిద రంగులో, నీళ్లు కలిపిన పాలలా ఉంది. పెద్ద తోరణం లోపల గోడల కింది భాగంలో, మన నడుము ఎత్తు దాకా, పాలరాతిలోనే చెక్కిన పూల మొక్కలు ఉంటాయి. రంగురాళ్లు పొదిగిన పని వేరు, ఇవి వేరు. ఇవి తెల్లరాతి మీద తెల్లగానే, గోడకి కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి. మొదటిసారి వెళ్లినప్పుడు వీటి పక్కనుంచే నడిచి వెళ్లాను, ఒక్కటి కూడా కంట పడలేదు. మావయ్య వాటి ముందు గొంతుక్కూర్చున్నాడు. ముట్టుకోలేదు, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఆగు, ఎండ రానీ" అన్నాడు.

ఎండ వచ్చింది. తూర్పు నుంచి, పక్కనుంచి, గోడని రాసుకుంటూ వచ్చింది. ఒక్కో రేకు అంచునా సన్నటి నీడ పడింది. అంతవరకూ చదునుగా ఉన్న పువ్వు గోడలోంచి లేచి నిలబడింది. ఒక ఆకు కొస వెనక్కి మడత పడి ఉంది, ఆ మడత కింద గోరు మందాన నీడ. మావయ్య దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "ఈ మడత తియ్యాలంటే ఉలి ఎదురు పెట్టకూడదు, పడుకోబెట్టి గీరాలి. ఒక్క దెబ్బ ఎక్కువైతే కొస ఎగిరిపోద్ది, మొదటికొస్తాం" అని నాకు చేత్తో చేసి చూపించాడు. ఎన్నేళ్లు కట్టారని అడిగాడు. 1632లో మొదలైందని, మొత్తం పూర్తయ్యేసరికి 20 ఏళ్లకు పైనే పట్టిందని చెప్పాను. తల ఊపి మళ్లీ ఆ ఆకువైపే తిరిగాడు.

దుర్గిలో కూడా విగ్రహానికి కనురెప్పలు, పెదవులు దిద్దే పని పొద్దున్నో సాయంత్రమో పెట్టుకుంటాడట. నడినెత్తిన ఎండ ఉంటే తప్పు కనపడదు, ఒప్పూ కనపడదు అంటాడు. చెక్కేవాడికి ఏ వెలుతురు కావాలో చూసేవాడికీ అదే కావాలి. ఈ చిన్న విషయం నాకు నలభై ఏళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. మా మావయ్య పని పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి, నేనూ అడగలేదు.

లోపల ముంతాజ్, షాజహాన్ సమాధుల చుట్టూ పాలరాతి జాలీ, అంటే చిల్లులు చెక్కిన రాతి తెర ఉంటుంది. అక్కడ ఫోటోలు తీయనివ్వరు. ఒక గైడు సెల్‌ఫోన్ టార్చి ఎర్రరాయి మీద ఆనించి వెలిగిస్తున్నాడు, ఆ రాయి నిప్పుకణికలా మెరిసింది. అందరూ ఆహా అన్నారు. మావయ్యకి హిందీ ఒక్క ముక్క రాదు. అయినా అతని చెయ్యి పట్టుకుని టార్చిని పక్కకి జరిపి, గోడకి ఏటవాలుగా పెట్టించాడు. పొదిగిన ముక్కల మధ్య అతుకు కోసం వెతికాడు. వేలెడంత పువ్వులో బోలెడన్ని ముక్కలు, ఒక్కదాని పక్కన కూడా వెంట్రుకంత సందు కనపడలేదు. గైడు కూడా వంగి చూశాడు. తర్వాత వచ్చిన గుంపుకి అతను టార్చి మొదట ఆనించి, ఆ తర్వాత పక్కనుంచి పెట్టి చూపించాడు. అది చూసి నాకు చాలా సంతోషమేసింది.

ఇదంతా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. తిరుగు రైల్లో నాగపూర్ దాటాక మావయ్య అమరావతి సంగతి ఎత్తాడు. గుంటూరుకి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో, కృష్ణ ఒడ్డున, మన పల్నాటి రాతిలోనే చెక్కిన మహాచైత్యం అనే బౌద్ధ స్తూపం ఉండేది. 1790ల చివర్లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ చూసేనాటికే ఆ దిబ్బని తవ్వి రాళ్లు ఇళ్లకీ గోడలకీ వాడుకుంటున్నారు. 1845లో ఇంకో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన శిల్పాలు మద్రాసు చేరాయి, అక్కడినుంచి చాలావరకు లండన్ వెళ్లాయి. ఈరోజు బ్రిటిష్ మ్యూజియంలో నూటికి పైగా ఉన్నాయి. ఆ పలకలన్నీ ఆరుబయట, స్తూపం చుట్టూ నిలబెట్టడానికి చెక్కినవి. పొద్దున ఒక వైపు, సాయంత్రం ఇంకో వైపు ఎండ వాటిని పక్కనుంచి తాకేది. ప్రదక్షిణ చేసేవాళ్లు అలా చూసేవాళ్లు. మావయ్య వాటిలో కొన్నిటిని ఒక మ్యూజియంలో ట్యూబ్‌లైట్ కింద చూశాడు. "మొహం మీద లైటు కొట్టి చచ్చినవాణ్ణి చూపించినట్టుంది" అన్నాడు. నేను ఆ మాట మర్చిపోలేకపోతున్నాను. ఒక్క దీపం పక్కకి జరిపి పెడితే చాలు. మన పిల్లలు ఆ శిల్పాల ముందు రెండు సెకన్లు నిలబడి వెళ్లిపోతున్నారంటే తప్పు పిల్లలది కాదు. వాళ్లకి అక్కడేమీ కనపడటం లేదు.

కాబట్టి మీ పిల్లల్ని ఆగ్రా తీసుకెళ్లే ముందో, వచ్చాకో అమరావతి కూడా తీసుకెళ్లండి. ముందుగా ఒక చిన్న టార్చి తీసుకుని, ఇంట్లో ఏదైనా చెక్కిన పీట మీదో, దేవుడి విగ్రహం మీదో ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి వేసి చూపించండి. మా అబ్బాయికి అయిదు నిమిషాల్లో అర్థమైంది.

ఇక మీ ప్రయాణం. శుక్రవారం తాజ్‌మహల్ మూసి ఉంటుంది, రైలు టికెట్లు తీసే ముందే చూసుకోండి. మనవాళ్లందరికీ సంక్రాంతి సెలవులే దొరుకుతాయి, అందరూ అప్పుడే బయల్దేరతారు. కానీ జనవరిలో అక్కడ పొగమంచు దట్టంగా పడుతుంది, ఒక్కోరోజు పది దాటినా గుమ్మటం కనపడదు. చలికి పిల్లలు వణికిపోతారు. ఆ నెలలో మాత్రం పొద్దున్నే వెళ్లమని నేను చెప్పను, అసలు ఆ నెలలో వెళ్లొద్దనే చెబుతాను. దసరా సెలవులు కుదిరితే అవి మేలు, లేదంటే పరీక్షలకి ముందు ఫిబ్రవరి ఆఖర్లో నాలుగు రోజులు బడి మానిపించండి. ఏం మునిగిపోదు.

నాలుగింటికి లేవడం గురించి టెన్షన్ పడకండి. తూర్పు గేటు వైపు గది తీసుకుంటే అయిదింటికి లేచినా సరిపోతుంది. పిల్లలకి రాత్రే అరటిపళ్లు, బిస్కెట్లు కొని ఉంచి, గదిలోనే తినిపించి బయల్దేరండి. టికెట్ మీద లోపల మూడు గంటలు ఉండొచ్చు. ఎండ ఎక్కేలోపు అన్నీ చూసుకుని, బయటికొచ్చి అప్పుడు టిఫిన్ చేయొచ్చు. వాహనాలు గేటుకి దూరంగానే ఆపేస్తారు, అక్కడినుంచి నాన్నగారిని నడిపించకండి. ఆ వాహనాలు ఆగే శిల్పగ్రామ్ దగ్గర బ్యాటరీ బండ్లు దొరుకుతాయి, అందులో ఎక్కించండి. సమాధి అరుగు మెట్లు మాత్రం నిలువుగా ఉంటాయి. జనం పెరగకముందే, చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఎక్కించి, ఆ పూల ముందు కాసేపు ఉండనివ్వండి.